ఆముదం ఇంజనుతో రాజపాళయం

పై బెర్తు

“ఇంజను కింది బెర్తులో, నేను పై బెర్తులోనా?” అన్నాను.

“నేల మీద పెడితే రైలు కుదుపుకి దెబ్బ తగులుతుంది. నాలుగు మెట్లు ఎక్కలేవా?” అన్నారు మా ఆయన.

“నలభై ఏళ్ళుగా బిగుసుకుపోయి ఉన్న ఇంజను. దానికి నాలుగు కుదుపులు తగిలితే మంచిదే. నా మోకాళ్ళకు తగలకూడదు.”

“రెండు టికెట్లు కొన్నాం కదా. ఒకటి దానిదనుకో.”

“మరి మీరు?”

“నేను దాని కాళ్ళ దగ్గర కూర్చుంటాలే.”

ఇంజనుకు కాళ్ళెక్కడున్నాయో నాకు తెలియదు. పాత బొంత చుట్టి, పైన గోనె కుట్టి, నవారుతో కట్టి, తల వైపు నా దిండు పెట్టి పడుకోబెట్టారు దాన్ని. ఎదురు సీటులో ఉన్న తిరునెల్వేలి ఆవిడ చాలాసేపు జాలిగా చూసి, ఎవరికి ఒంట్లో బాగాలేదని సైగ చేసి అడిగింది. ఇంతలో టీసీ వచ్చాడు. బొంత మీద చెయ్యి వేశాడు. గట్టిగా తగలగానే వెనక్కి తీసుకున్నాడు. ఈయన బొంత అంచు తీసి చూపిస్తే వంగి చూసి నవ్వాడు గానీ, సామాను సీటు కిందనే ఉండాలని చెప్పాడు. ఇద్దరు మనుషులు సాయం పట్టి కిందికి దించారు. నేను కింది బెర్తులో పడుకున్నాను. ఈయన పై బెర్తులోంచి రెండుసార్లు తల వంచి చూశారు. నన్ను కాదు.

చీరాల నుంచి మద్రాసు, అక్కణ్ణుంచి రాజపాళయం. మా ప్రయాణం ఇదే. ఈ ఇంజను సంగతి ముందు చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మా ఆయన మద్రాసులో ఫిట్టరు. ఒక దొర దేశం విడిచి వెళ్తూ తన పందెం మోటారు సైకిలు ఈయనకు ఇచ్చేసి వెళ్ళాడు. దానికి దీపం లేదు, హారను లేదు, కాలితో తన్ని స్టార్టు చేసే కడ్డీ కూడా లేదు. తోసుకుంటూ పరుగెత్తి ఎగిరి ఎక్కాలి. అలాంటివి మన దేశంలో ఎన్నో లేవని ఈయన అంటారు. మూడేళ్ళు పందేలకు వెళ్ళారు. చివరి పందెంలో అందరికన్నా ముందున్నారట, ఇంకో రెండు చుట్లున్నాయనగా బండి ఆగిపోయింది. ఇంటికి తోసుకుంటూ వచ్చి, “ఇంజను తగలబెట్టేశాను” అని ఒక్క మాట చెప్పి పడుకున్నారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. ఊరికి వచ్చేశాక కొన్నేళ్ళకు ఎవరో తిప్పి చూస్తే కదల్లేదు. అప్పట్నుంచీ మా వసారాలో ఒక మూల దానిది. “ఇంజను తగలబెట్టిన మనిషి” అని ఎంతమంది ముందు అన్నానో నాకే లెక్క తెలియదు.

మొన్న రాజపాళయం నుంచి గురుసామి అనే ఆయన ఫోను చేశాడు. మద్రాసులో ఈయనతో పాటు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేసిన మనిషి, తెలుగువాడే. తర్వాత సొంతూరు వెళ్ళి నూలుమిల్లులో చేరి, రిటైరై, ఇంటి పక్కన షెడ్డు వేసుకున్నాడు. కళ్ళు మసకబారుతున్నాయని ఈ నెలాఖరుకు లేతు తీసేస్తున్నాడట. అంతలోపు ఆ ఇంజను తెస్తే చూస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఈయనకు అన్నం సహించలేదు.

నేను ఒక షరతు మీద ఒప్పుకున్నాను. శుక్రవారం ఉదయానికి ఇంజను పలకాలి. పలకకపోతే ఇంటికి రాగానే ఇంజనూ బండీ కలిపి పాత ఇనుము వాడికి వేసేయాలి, వసారా ఖాళీ చేయాలి. ఈయన సరేనని నా చేతిలో చెయ్యి వేశారు.

రాజపాళయం, మంగళవారం

దిగేసరికి పొద్దున్నే పడమటి దిక్కంతా కొండలు. మబ్బు వాటి మీద ఆరేసిన బట్టలా ఉంది. స్టేషను బయట కాఫీ పదిహేను రూపాయలు. గ్లాసు చిన్నదే గానీ చిక్కదనం ఉంది, డబ్బు వృథా కాలేదు. ఆటో అతను ఇంజను చూసి నూటయాభై అడిగాడు. నేను ఈయన వైపు తిరిగి, “వీడి మొహం చూస్తే దొంగలా ఉన్నాడు, నూరు దాటి ఇవ్వకండి” అన్నాను.

“నూరుకే వస్తాను. దొంగని మాత్రం కాదమ్మా” అన్నాడతను, శుభ్రంగా తెలుగులో.

ఆ ఊళ్ళో సగం మంది ఇళ్ళల్లో మన మాటే మాట్లాడతారని ఈయన చెప్పనే లేదు. ఎన్ని వందల ఏళ్ళ కిందటో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. దారి పొడుగునా ఆ అబ్బాయి నన్ను అమ్మా అమ్మా అని పిలుస్తూ ఎవరి మిల్లు ఏదో చూపించాడు. దిగాక నూటపాతిక ఇచ్చాను. ఆ పాతిక నా నోటికి వేసుకున్న జరిమానా.

గురుసామి గడప దాటి ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నుదుట నామంతో ఉన్నాడు. ఈయన రెండు భుజాలూ పట్టుకున్నాడు. తర్వాత బొంత చూసి, “ఎన్నా అన్నా, దీనికి దిండు పెట్టి తెచ్చినారా?” అన్నాడు. ఇద్దరూ నవ్వి, అటు తిరిగి ముక్కులు తుడుచుకున్నారు.

అతని భార్య పేరు ఆండాళ్. నన్ను చూడగానే వదినా అని చెయ్యి పట్టుకుంది. వాళ్ళ కుక్క తెల్లగా, పొడుగు కాళ్ళతో, గులాబీ రంగు ముక్కుతో ఉంటే, పాపం చర్మం ఊడిపోతోందనుకున్నాను. ఆ జాతే అంతట. మనిషికి పెట్టినట్టు పెరుగన్నం పెడతారు దానికి.

మధ్యాహ్నం భోజనంలో మెంతుల పులుసు, కూట్టు అని పప్పులో వండిన పొట్లకాయ, అప్పడం. మన దగ్గర పులుసు అంటే బెల్లం పడాల్సిందే. వాళ్ళు నువ్వులనూనె పోసి చేదూ పులుపూ అలాగే వదిలేస్తారు. మొదటి ముద్దకు మొహం ముడుచుకున్నా, మూడో ముద్దకు మళ్ళీ వడ్డించమన్నాను. పచ్చడి మాత్రం లేదు. మొదటి పూటే నా సంచిలోని పచ్చడి తీస్తే బాగుండదని ఊరుకున్నాను. ఊరగాయ లేకుండా భోజనం ముగించడం నా బతుకులో మొదటిసారి.

వాళ్ళ మాట వింటుంటే మా నాయనమ్మ మాటలు గుర్తొచ్చాయి. వచ్చినాడు, పోయినాడు అంటారు. మనం అదే, నువ్వే అని సాగదీసే చోట చివర ‘దా’ తగిలిస్తారు. కానీ చదవడం రాయడం అంతా అరవంలోనే. ఆండాళ్‌కు డెబ్బై ఏళ్ళు, తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదట. నేను చదివింది ఐదో తరగతి. బియ్యప్పిండితో వాకిట్లో ముగ్గు పక్కన ఆండాళ్ అని రాసి చూపించాను. “ఇంత గుండ్రంగా ఉంటుందా నా పేరు” అని సాయంత్రం దాకా దాని మీద ఎవర్నీ అడుగు వేయనివ్వలేదు.

పట్టరై, బుధవారం

షెడ్డును వాళ్ళు పట్టరై అంటారు. నేల ఊడ్చి తుడిచి మా వంటింటి కన్నా శుభ్రంగా ఉంది. పనికి ముందు గురుసామి లేతుకు బొట్టు పెట్టి దండం పెట్టాడు. మన దగ్గర దసరాకు ఒకరోజు చేస్తాం. అతను రోజూ చేస్తాడు.

ఇంజను బల్ల మీదకు ఎక్కింది. పైభాగం ఊడదీస్తే లోపల పిస్టను సగంలో ఇరుక్కుని ఉంది. ఇత్తడి సుత్తితో తట్టారు, డీజిలు పోశారు, కిరసనాయిలు పోశారు. మధ్యాహ్నం దాకా ఇద్దరు ముసలాళ్ళు దాని మీద వంగి నిలబడ్డారు. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. అప్పుడు ఒక వాసన వచ్చింది.

“ఇది ఆముదం కదూ?” అన్నాను.

గురుసామి ఆగి నా వైపు చూశాడు. “ముక్కంటే అక్కది ముక్కు” అన్నాడు. పందెం బళ్ళకు ఆ రోజుల్లో ఆముదమే పోసేవారట. ఎంత వేడెక్కినా పలచబడదట. పందెం మైదానమంతా ఆ పొగే, ఆ వాసన కోసమే జనం వచ్చేవాళ్ళని ఇద్దరూ పోటీపడి చెప్పారు. తలకు రాసుకునే మంచి నూనె సీసాలకు సీసాలు తగలేసేవాళ్ళన్న సంగతి నలభై ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు.

గురుసామి పిస్టను అంచు నుంచి నల్లటి పదార్థం గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపాడు. తుమ్మజిగురులా సాగింది.

“ఆముదం ఒకటే అయితే ఇట్ల కాదు. దీనిమీద ఎవరో వేరే నూనె పోసినారు. రెంటికీ పడదు. కలిస్తే గోందుదా. కిరోసిన్ పోసి నూరు దినాలు పెట్టినా కరగదు, స్పిరిట్ కావాల.”

వేరే నూనె ఎవరు పోశారని అడిగాడు. మా ఆయన తల గోక్కున్నారు. నేను చిక్కుడుకాయల మీద నుంచి తల ఎత్తలేదు.

ఎందుకంటే పోసింది నేను. పందెం మైదానంలోనే ప్లగ్గు ఊడదీసి చూసిన ఈయన, ఆ కన్నానికి చెక్క బిరడా కొట్టి వదిలేశారు. వానలకు తుప్పు పడుతుందని, ఏటా తొలకరికి ముందు ఆ బిరడా తీసి, చేలో మోటారు ఇంజనుకు నూనె మార్చినప్పుడు మిగిలిన పాత నూనె ఓ గరిటెడు పోసి మళ్ళీ బిగించేదాన్ని. పారబోయడం దేనికి, దీనికైనా పనికొస్తుందిలే అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను, ఈయనకు చెప్పాల్సినంత విషయం అనిపించలేదు.

సత్రపట్టి

స్పిరిట్ కోసం ఆ మధ్యాహ్నమే నేనూ ఆండాళూ బస్సెక్కి సత్రపట్టి వెళ్ళాం. అక్కడ ఆండాళ్ చెల్లెలి ఇంట్లో ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేస్తారు, స్పిరిట్ కూడా అక్కడే దొరుకుతుందట. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు. నేను నమ్మక కండక్టరు చేతిలో పది రూపాయలు పెడితే, అతను తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

చీరాల దానిని కనుక మగ్గం చప్పుడు నాకు కొత్త కాదు. మా మగ్గాల మీద రంగులు, అంచులు, బుటాలు. వీళ్ళ మరమగ్గాల మీద ఒకటే తెలుపు, అవతల మనిషి కనిపించేంత పల్చన. ఇంత పల్చటి గుడ్డ ఎవరు కొంటారని నోటిదాకా వచ్చింది గానీ, పురుళ్ళలో నాకు చుట్టిందీ ఇదేనని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ చెల్లెలు స్పిరిట్ డబ్బా ఇప్పించి, ఇంజను తుడవడానికి పోగు రాలని గుడ్డ ఒక కట్ట ఊరికే ఇచ్చింది. బదులుగా మరచెంబులో తెచ్చుకున్న మా గోంగూర పచ్చడి ఇచ్చాను. ఆమె వేలితో నాకి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ నాకింది.

తిరుగు బస్సులో ఆండాళ్ ఏవేవో చెబుతూనే ఉంది. నేను ఒకటే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంజను పలకకపోతే వసారా ఖాళీ అవుతుంది. పలికితే మంచిదే. రెండు విధాలా నాకు నష్టం లేదు. అంత లాభంగా ఉన్న బేరం నాకెప్పుడూ నచ్చదు, ఎక్కడో ఏదో దాచినట్టే ఉంటుంది. ఈసారి దాచింది నేనే.

గురువారం

రాత్రంతా స్పిరిట్‌లో నానిన పిస్టను పొద్దున్న చెక్కతో తోస్తే, ఆవిరి తగిలిన ఇడ్లీ రేకు నుంచి వదిలినట్టు వదిలింది. గురుసామి కట్టుగుడ్డతో లోపలి గోడ తుడిచి, టార్చిలైటు పట్టుకుని ఈయన్ని పిలిచాడు.

“చూడన్నా. ఒక్క గీత లేదు. కాలి ఉంటే ఇట్ల అద్దంలా ఉంటుందా? ఎవరు చెప్పినారు నీవు కాల్చినావని?”

ఈయన కన్ను ఆనించి చూశారు. ఎంతసేపటికీ లేవలేదు. ఆలోగా గురుసామి మాగ్నెటో విప్పాడు. నిప్పు రవ్వ పుట్టించే డబ్బా అది. అందులో గోరంత స్ప్రింగు రెండు ముక్కలై పడి ఉంది. పందెంలో బండి ఆగింది అందుకేనట. రవ్వ పోయింది, ఇంజను ఆగింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

“మరి ఆ జిగురు?” అని గురుసామి మళ్ళీ మొదలుపెట్టాడు.

“నేనే పోసుంటాను” అన్నారు ఈయన, లైటు దించకుండానే. “గుర్తులేదు. ఆ రోజుల్లో నా బుర్ర సరిగ్గా లేదు. నేనే పోసుంటాను.”

చెయ్యని తప్పు ఒకటి నలభై ఏళ్ళు మోసి, అది దిగి నిమిషం కాకముందే ఇంకోటి ఎత్తుకుంటున్నారు ఆ మనిషి. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీదో నా మీదో చెప్పలేను.

“మీరు కాదు, నేను పోశాను” అన్నాను. “తుప్పు పట్టకుండా. మోటారు ఇంజను పాత నూనె.”

“ఎప్పుడు?”

“ఏటా.”

“ఏటానా?”

“ఒక్క ఏడు మానేశాను. మా చెల్లెలి కాన్పుకు వెళ్ళాను.”

గురుసామి కుక్కకు నీళ్ళు పెట్టాలని బయటికి వెళ్ళాడు. కుక్క నిద్రపోతోంది.

ఈయన టార్చి ఆర్పి బల్ల మీద పెట్టారు. “మా తమ్ముడి పెళ్ళిలో వియ్యాలవారి ముందు కూడా అన్నావు. ఇంజను తగలబెట్టిన మనిషి అని.”

“అన్నాను.”

“ఆ పూట నేను భోజనం చెయ్యలేదు.”

“తెలుసు. కడుపులో బాగాలేదన్నారు.”

“కడుపు బాగానే ఉంది.”

తప్పయిందని చెప్పాను. పెళ్ళయిన నలభై అయిదేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లన్నానో వేళ్ళ మీద చెప్పొచ్చు, చెయ్యి ఒకటి చాలు. ఆయన ఇంజను వైపు తిరిగి, “అయితే నేను కాదన్నమాట” అన్నారు. ముందు మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. బల్ల పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు విని గురుసామి లోపలికి వచ్చాడు, ఏమీ తెలియనట్టు.

ఆ రోజంతా పనే. గురుసామి మిల్లు మిషను స్ప్రింగు ఒకటి కత్తిరించి, మాగ్నెటోకు సరిపడేలా వంచాడు. లేతు మీద ఇరుసులు తిరిగే ఇత్తడి బుష్‌లు రెండు తీశాడు. కళ్ళు మసక అన్న మనిషి, వేలితో తడిమి వెంట్రుకవాసి తేడా చెప్పాడు. నాకిచ్చిన పని ఆముదం కొనడం. బజారులో గానుగ నూనె కమురు వాసన వచ్చింది, వద్దన్నాను. మందుల షాపులో తేటది దొరికింది. మూత తీసి వాసన చూడనివ్వకపోతే కొననన్నాను. చూడనిచ్చారు.

సాయంత్రానికి ఇంజను ఇనుప చట్రం మీద నిలబడింది. తోసి పరుగెత్తడానికి అక్కడ బండి లేదు కదా, మిల్లు మోటారు ఒకటి బెల్టుతో తగిలించారు, అది తిప్పితే ఇది తిరగాలి. తిరిగింది. చక్కగా తిరిగింది. పలకలేదు. పదిసార్లు చూశారు. ఒకసారి తుమ్మినట్టు పొగ వదిలి ఊరుకుంది. బెల్టు జారి ఈయన చొక్కా జేబు చింపింది. చీకటి పడుతుంటే గురుసామి, ఇక కనబడదు, పొద్దున చూద్దామన్నాడు.

ఈయన మెట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నారు. “మాట మాటే. రేపు పొద్దుటికి పలకకపోతే వేసేద్దాం. నాకు బాధ లేదు. నేను తగలబెట్టలేదని తెలిసింది, చాలు.”

“ఆ గడువు ఇంజను పాడుచేసిన మనిషికి పెట్టాను” అన్నాను. “ఆ మనిషి మీరు కాదు. కాబట్టి గడువు లేదు. రేపు పలకకపోతే ఎల్లుండి చూడండి. టికెట్టు నేను మార్పిస్తాను.”

“క్యాన్సిలుకు డబ్బు కోస్తారు.”

“కోయనివ్వండి.”

ఆండాళ్ వంటింట్లోంచి తొంగి చూసింది. ఆ పూట పరోటాలు తెప్పించారు, విరుదునగరం పద్ధతిలో నూనెలో వేయించినవి, ఒక్కోటి పదిహేను రూపాయలు. ఈయన నాలుగు తిన్నారు.

మర్నాడు

శుక్రవారం తెల్లవారగానే గురుసామి మాగ్నెటో మళ్ళీ విప్పాడు. పొరపాటు దొరికింది. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మండాలట, వీళ్ళు ఒక చుట్టు తేడాగా బిగించారు. లోపల మండేది ఏమీ లేనప్పుడు రవ్వ వస్తోంది. “ఇద్దరం కలిసి నూటయాభై ఏళ్ళు ఉంటాం, ఇది తప్పినాం” అని గురుసామి తన నుదురు తనే కొట్టుకున్నాడు. విప్పి, తిప్పి, బిగించారు.

ఆరూ నలభైకి మోటారు నొక్కారు. రెండోసారికి ఇంజను పలికింది. షెడ్డు రేకులు వణికాయి, కుక్క మంచం కిందికి దూరింది, ఎదురింటి మేడ మీద నలుగురు నిలబడ్డారు. ఆముదం పొగ వాకిలంతా కమ్మింది. ఈయన పొగ గొట్టం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళకు తగిలే పొగను చూస్తూ నిలబడ్డారు. గురుసామి ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినబడలేదు. నాలుగు నిమిషాలు నడిచి, సీసాలో పెట్రోలు అయిపోయి ఆగింది.

ఇంకో లీటరు తెమ్మని గురుసామి చేతిలో డబ్బు నేనే పెట్టాను.